నాగప్ప వాటా మొగలి

పామంటే భయముండేవాడు గొర్రెలు మేపుకోవచ్చు, బస్టాండులో టీ కాసుకోవచ్చు, ఏమన్నా చేసుకోవచ్చు గానీ మొగలి మాత్రం పెంచకూడదు. ఈ మాట పుల్లన్నకు చెప్పనోళ్ళు మడకశిర చుట్టుపక్కల ఎవరూ లేరు. చెప్పినప్పుడల్లా పుల్లన్న తలకాయ ఊపి "నిజమే అన్నా" అంటాడు. మళ్ళా తెల్లారితే ఆ మొగలి పొదల కాడికే పోతాడు. ఏం చేస్తాడు పాపం! నాయన ఇచ్చిపోయిన ఆస్తి అదే. భయం కూడా నాయన ఇచ్చిపోయిందే.

ఊరి చెరువు కట్ట కింద, తూముకు కొంచెం ఎడంగా ఒక ఊటకాలువ ఉండె. కట్ట కింద నేల ఎప్పుడూ చెమ్మ పట్టుకొనే ఉంటుంది, ఆ చెమ్మే సన్నగా కారి కాలువలోకి దిగుతాండె. పైన టెంకాయ చెట్లు, వాటి నడుమ అవిసె చెట్లు. ఊరి చేలల్లో శెనక్కాయ చెట్టు ఎండకు వాడిపోయి తలకాయ వేలాడేసినా, ఆడ మాత్రం మిట్టమధ్యాన్నం కూడా చల్లగా, మసకగా ఉండేది. ఆ నీడలో, కాలువ గట్లు రెండిటిమీదా, మనిషికి రెండింతల ఎత్తున మొగలి. ఎండాకాలంలో కూడా పచ్చదనం తగ్గదు దానికి. ఒక్కో ఆకూ చేతికంటే పొడుగు, రెండంచులా ముండ్లు, అది చాలదన్నట్టు నడి ఈనె కింద ఇంకో వరస ముండ్లు. పుల్లన్న చేతులు చూస్తే పిల్లి రక్కిందా అని అడుగుతారు కొత్తోళ్ళు.

మొగలి పెంచడమంటే పిలక గుచ్చి ఇంటికి పోయి పడుకోవడం కాదప్పా. అన్ని మొగలి చెట్లూ వాసన పువ్వు పూయవు. కొన్ని కాయలు కాస్తాయి, ఆ కాయను పశువు కూడా మూతి పెట్టి చూడదు. వాసన పువ్వు పూసే చెట్టు మొదట్లో లేసిన పిలకనే తవ్వుకోవల్ల. ఆకులు సగానికి కోసి, చెమ్మ ఉండే చోట నాటుకోవల్ల. చెమ్మ ఉండాల గానీ నీళ్ళు మడుగు కట్టకూడదు. లేత పిలకకు మధ్యాన్నపు ఎండ నెత్తిన పడకూడదు. ఇంత చేసినాక కూడా ఏండ్ల తరబడి దాని మొహం చూస్తా కూచోవల్ల. ఊడలు దిగి, నేలను గట్టిగా పట్టుకున్నాక, ఏదో ఒక శ్రావణంలో దానికి బుద్ధి పుడితే, ఆకుల నడిమధ్యనుంచి పాలరంగు పొత్తి ఒకటి బయటికొస్తుంది. ఆ పొద్దు గాలి ఎటు వీస్తే అటు, బస్సు దిగినోళ్ళకు కూడా తెలిసిపోతుంది పుల్లన్న మొగలి పూసిందని.

పొద మీద చెయ్యి వేసేముందర పుల్లన్న చేసే హడావిడి చూడాల మీరు. మోకాళ్ళదాకా గోనెపట్టలు చుట్టుకొని తాడు కడతాడు. ఖాళీ నూనె డబ్బా ఒకటి తెచ్చి కట్టెతో డబడబా వాయిస్తాడు. వాయించి, పొదకు చేతులెత్తి మొక్కి గట్టిగా చెప్తాడు. "స్వామీ, పుల్లన్న వచ్చినాడు. నీ జోలికి నేను రాను, నా జోలికి నువ్వు రావద్దు. పక్కకు పో, నీకు పుణ్యముంటాది." చెప్పినాక కొంచేపు నిలబడి, అప్పుడు దోటి పట్టుకొని బయటినుంచే పువ్వు కోస్తాడు.

పువ్వులు బస్టాండుకు తీసుకపోయి అమ్మే దాదాబీ ఈ తతంగం చూసినప్పుడంతా కడుపు పట్టుకొని నవ్వేది. "ఏం పుల్లన్నా, పెండ్లి మేళమా ఇది? పాము కూడా లేసి చిందెయ్యాల్నా?"

పుల్లన్న నవ్వేవాడు కాదు. "నువ్వు నవ్వుతావులే అక్కా. మా నాయన్ను ఎత్తుకొచ్చినప్పుడు నువ్వు చూడలే."

ఆ పొద్దు పుల్లన్న ఇంకా మీసాలు రాని పిల్లోడు. ఆ యేటి మొట్టమొదటి పువ్వు కోస్తానని నాయన పొదలోకి దూరినాడు. అప్పుడు దోటీ లేదు, డబ్బా లేదు. పువ్వు చేత్తో పట్టుకొనే బయటికొచ్చినాడు, "ఏదో చురుక్కుమన్యాదిరా" అన్నాడు, కాలువ గట్టు మీద కూచున్నాడు. ఇంటికి మాత్రం మంచం మీద తెచ్చినారు. అంతే. దినాలయినాక కూడా పుల్లన్న మొగలి దిక్కుకు మొహం తిప్పలేదు. వాసనొస్తే చాలు వాంతి చేసుకునేవాడు. ఇంట్లో మిగిలింది నాయన్ను కన్న అవ్వ, వీడు. పువ్వులు కోసేవాడు లేకుంటే పొయ్యిలోకి పిల్లి పోయి పడుకుంటుంది గదా.

అప్పుడు అవ్వ వాణ్ణి కూచోబెట్టుకొని చెప్పింది. "ఒరే, మీ నాయన చేసిన తప్పు ఒక్కటే. మొదటి పువ్వు నాగప్పది. దాని జోలికి పోయినాడు. ఇంకమీద మొదటి పువ్వుకు పసుపు దారం కట్టి ఆయప్పకే వదిలిపెడదాం. ఆయప్ప తీసుకుంటాడు. మిగిలినేవి మనవి. మన జోలికి రాడు."

"శివునికే పనికిరాని పువ్వు, పాముకెందుకవ్వా?" అన్నాడంట వాడు.

"శివుడు వద్దన్యాడు. ఆయన మెళ్ళో పాము వద్దనలేదు గదా," అన్నాది అవ్వ. ముసల్ది మాటకు తడుముకునే రకం కాదు.

"మల్ల ఎవరన్నా అది కోసేస్తే?"

"కోస్తే ఇంట్లో అందరికంటే చిన్న ప్రాణాన్ని అడుగుతాడు. నోర్మూసుకొని దారం కట్టిరా పో."

ముసల్ది విసుగులో అన్న మాట అది. పుల్లన్న మాత్రం దాన్ని గుండెకాయ పక్కన పెట్టుకొని బతికినాడు. ప్రతి శ్రావణం మొదటి పువ్వుకు మాత్రం డబ్బా వాయించి, పొదలోకి దూరి దారం కట్టి వచ్చేవాడు. ఒకట్రెండు పొద్దులకు పోయి చూస్తే దారం ఉండేది, పువ్వు ఉండేది కాదు. అప్పుడు వాని మొహంలోకి నెత్తురొచ్చేది. "తీసుకున్యాడు. ఈ యేటికి భయం లే," అనుకొని డబ్బా ఎత్తుకొని పనిలో పడేవాడు.

పెండ్లయింది. మారెక్క వచ్చింది. అవ్వ పోయింది. ఒక్క యేడు మాత్రం పువ్వు పోలేదు. మారెక్క కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు, గంగరత్న పుట్టిన యేడు అది. దారం కట్టిన పువ్వు చెట్టు మీదే నల్లబడి కుళ్ళిపోయింది. పుల్లన్నకు కూడు దిగలేదు. నాగప్పకు కోపమొచ్చిందని, వాటా వద్దన్నాడని, బిడ్డకేమో అయ్యుంటుందని చెప్పుల్లేకుండా అత్తగారూరికి పరిగెత్తినాడు. బాలింత మారెక్క ఆ మొహం చూసి జడుసుకున్నాది. ఆ తర్వాత శ్రావణంలో ఎంత పనున్నా మారెక్క ఇల్లు కదిలింది లేదు, పువ్వు తప్పింది లేదు.

ఇట్ల జరిగిపోతా ఉన్న సంసారంలోకి బోర్లు వచ్చినాయి. తొంభై ఏడు తొంభై ఎనిమిది నాటికి చెరువు పైన ఒక్కో చేనులో ఒక్కో బోరు దిగింది. తప్పు పట్టేదేముంది, ఎవరి పైరు వాళ్ళకు ముద్దు. ఊటకాలువలో నీళ్ళు చీలమండ లోతుకొచ్చినాయి, తర్వాత తడి ఇసుకయినాయి. రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. చెరువు బీటలిచ్చింది. టెంకాయ మట్టలు వేలాడినాయి, నీడ పలచబడింది. పక్కనున్న వంకల్లోని కప్పా, ఎలకా, వాటి వెనకాల పామూ, చెమ్మ మిగిలిన ఆ ఒక్క మొగలి వనంలోకే వచ్చి చేరినాయని పుల్లన్నకు తెలుసు. పొద్దున్నే ఇసుకలో సుళ్ళు సుళ్ళుగా గీతలు కనబడేవి. వాటిని దాటకుండా చుట్టు తిరిగి పోయేవాడు.

ఆ శ్రావణంలోనే గంగరత్న మూడోసారి కడుపుతో ఉండె. ఆ బిడ్డను రాప్తాడు పక్క ఊరికిచ్చినారు. ముందర రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయినాయి. రెండోసారి ఆరో నెల దాటినాక పోయింది. ఆ బిడ్డ ఎన్నో దినాలు గోడకు తిరుక్కొనే పడుకున్నాది. ఈసారి ఐదో నెల నిండినాక, పుట్టింటోళ్ళు పూలు ముడిసే సంప్రదాయం ఉండాది గదా, దానికి పిలుచుకొచ్చినారు. ఏమి చేయమంటావు తల్లీ అంటే ఆ పిల్ల ఒకటే అడిగింది.

"నాయనా, నాకు మొగలి జడ ఎయ్యాల. పోయిన రెండుసార్లు మల్లెపూలు పెట్టినారు. ఈసారి మన మొగలే కావాల."

కడుపుతో ఉన్న ఆడబిడ్డ నోరు తెరిచి అడిగితే కాదనేవాడు మనిషేనా? ఇబ్బంది ఏమంటే, ఆ యేడు వనమంతా కలిపి పూసింది ఒకే ఒక్క పువ్వు. దానికి ముందరి పొద్దే పుల్లన్న పసుపు దారం కట్టి వచ్చినాడు.

ఇంకోటి విచ్చుకుంటుందేమో అని పూలు ముడిసే పొద్దు దాకా చూసినాడు. విచ్చుకోలేదు. తెల్లారగట్ల పోయి గట్టు మీద నిలబడినాడు. డబ్బా వాయించినాడు. "స్వామీ, అప్పుగా ఇయ్యి. వచ్చే యేడు రెండు వదుల్తా," అన్నాడు. దోటికి పువ్వు అందలేదు. గోనెపట్టల కాళ్ళతో లోపలికి దిగినాడు, నాయన దిగిన చోటికే. దారం ముడి పండ్లతో కొరికినాడు. బయటికొచ్చి కాళ్ళు రెండూ తడుముకొని చూసుకున్నాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే వాన్ని ఇంకా భయపెట్టింది. నన్ను వదిలినాడంటే చిన్న ప్రాణాన్ని చూసుకున్యాడు అనుకున్నాడు.

ఇంటికొచ్చి మారెక్కతో, "ఇది రెండోది మే. మొదటిది ఆడనే ఉండాది," అన్నాడు మొహం చూడకుండా.

మారెక్క పువ్వు అందుకున్నాది. రోజూ ఉప్పు తక్కువైనా పంచాయితీ పెట్టే మనిషి నోరు మెదపకుండా రేకులు విప్పి, ముండ్లు గీరి, మడిచి మడిచి జడ కుట్టింది. గంగరత్న అద్దంలో వెనక్కు తిరిగి తిరిగి చూసుకొని నవ్వింది. ముత్తైదువలు పాటలు పాడినారు. పుల్లన్న పశువుల కొట్టం వెనకాల కూచొని టవలు నోట్లో కుక్కుకొని ఏడ్చినాడు.

అప్పటినుంచి వాని బతుకు బతుకు కాదు. ఊర్లో తేలుకూ పాముకూ మంత్రం వేసే శ్రీరంగప్ప అనే పెద్దాయన ఉండె. ఆయన దగ్గరికి పోయి, ఎవరో చేసినట్టుగా చెప్పి అడిగినాడు. "తీసుకున్నది తిరిగి పెట్టాల, అంతకు మించి దారి లేదప్పా," అన్నాడు శ్రీరంగప్ప. ఇంక చూడు! తిరిగి పెట్టడానికి మొగలి పువ్వు కావాల. పుల్లన్న పావగడ దారిలో ఉండే వంకలన్నీ నడిచినాడు. ఆ పక్కన కన్నడం మాట్లాడేవాళ్ళను కూడా చేతులు తిప్పి తిప్పి అడిగినాడు. యాడ చూసినా మొగలి ఎండి గోధుమరంగుకు తిరిగి ఉండె. కాళ్ళు బొబ్బలెక్కి, వట్టి చేతులతో ఇంటికొచ్చినాడు.

పూలు ముడిసినాక అత్తగారింటికి పోయిన గంగరత్నను ఏడో నెలలో కాన్పుకు పిలుచుకురావల్ల. పుల్లన్న కదల్లేదు. ఈ పొద్దు బస్సు లేదన్నాడు, రేపు కొట్టం కప్పు వెయ్యాలన్నాడు, ఇంకోపొద్దు కడుపునొప్పి అన్నాడు. పాము ఉండే చోటికి బిడ్డను తానే తోలుకొచ్చినట్టవుతుంది గదా అని వాని బాధ. అది ఎవరికి చెప్పుకుంటాడు? కడాకు గంగరత్నే ఊర్లోని టెలిఫోన్ అంగడికి ఫోను చేయించింది. పుల్లన్న పోయి ఎత్తుకున్నాడు.

"నాయనా, నేను నీకు బరువైనానా?" అన్నాది ఆ పిల్ల. "రెండుసార్లు పోగొట్టుకున్నదని నన్ను చూస్తేనే అసయ్యమా?"

పుల్లన్న ఫోను పెట్టేసి, అదే చొక్కాతో, అదే చెప్పులతో బస్సెక్కినాడు. సాయంత్రానికి బిడ్డను తోలుకొచ్చినాడు. మంచం పడసాలలో నడిమధ్యకు లాగినాడు. గోడల మూలల్లో వెల్లుల్లి నూరి పోసినాడు. ఇంటిచుట్టూ గడ్డి చెక్కినాడు. గంగరత్న వాకిట్లోకి కాలుపెడితే చాలు డబ్బా ఎత్తుకొని ముందర వాయించుకుంటా పోయేవాడు. ఆ పిల్ల నవ్వలేక నవ్వలేక, "అమ్మా, నాయనకు పిచ్చి పట్టినాదా ఏంది?" అనేది. మారెక్క నవ్వేది కాదు. మారెక్క కూడా ఆ నడుమ సరిగా తినడంలేదని పుల్లన్నకు తట్టలేదు. భయంలో ఉన్నోనికి పక్క మనిషి భయం యాడ కనబడుతుంది!

కార్తీకంలో ఒక పొద్దున, ఇంకా కల్లాపి తడి ఆరకముందే, గంగరత్న నీళ్ళకడవ దగ్గరికి పోయింది. కడవ కింద ఇసుక ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఆ తడిలో, కడవకు చుట్టుకొని పడుకొని ఉండె. నాగుపామే. పుల్లన్న తలుపు దగ్గర్నుంచి చూసినాడు. చేతిలో డబ్బా ఉంది, కట్టె ఉంది, చేతులే లేవనిపించినాది. గంగరత్న చెంబు ముంచబోయి, చూసి, ఉన్నచోటనే రాయిలాగా నిలిచిపోయినాది. పాము మెల్లగా చుట్ట విప్పుకొని, ఆ పిల్ల కాలి పక్కనుంచే, బెత్తెడు ఎడంలో, వాకిలి దాటి కట్ట వైపు పోయింది.

"పోయిందిలే నాయనా, నీళ్ళకొచ్చినట్టుండాది పాపం," అన్నాది గంగరత్న, గోడ పట్టుకొని ఊపిరి పీల్చుకుంటా.

పుల్లన్నకు ఆ మాట చెవికెక్కలేదు. అడగడానికి వచ్చినాడు. ఈ పొద్దు చూసి పోయినాడు. మళ్ళా వస్తాడు. కాన్పు అయ్యేదాకా కాచుకుంటాడు. ఇదే తిరుగుతాండాది తలకాయలో. యాడినుంచి వచ్చినాడు? మొగలిలోనుంచి. మొగలే లేకుంటే?

పొయ్యి పక్కనున్న కిరసనాయిలు డబ్బా ఎత్తుకొని పోయినాడు. కట్ట కింద గాలి అప్పుడప్పుడే లేస్తాండె. మొగలి అడుగు ఆకులు ఏండ్లకేండ్లు ఎండి, లంగా మాదిరి చెట్టు చుట్టూ వేలాడుతాంటాయి. ఒక్క అగ్గిపుల్ల చాలు. "నాకొద్దు స్వామీ నీ పువ్వులు, నీ వాటా. పో, యాడికన్నా పో!" అని అరుస్తా ఒక్కో పొదకూ అంటించుకుంటా పోయినాడు. భుస్సుమని లేసినాయి మంటలు. లోపల గూళ్ళు పెట్టుకున్న పిచ్చుకలు, ఉడతలు చెల్లాచెదురయినాయి. నాయన నాటినవి, తాత నాటినవి. మంటల వేడికి మొహం కాలుతున్నా పుల్లన్నకు లోపల చలిగానే ఉండె.

పొగ చూసి మొట్టమొదట పరిగెత్తుకొచ్చింది దాదాబీ, వెనకాలనే మారెక్క. దాదాబీ పచ్చి అవిసె కొమ్మ విరిచి మంటను కొడతా, "యా అల్లా, నీ చేతులు పడిపోనూ, ఏం పనయ్యా ఇది!" అని తిడతాంది. మారెక్క మాత్రం నేరుగా వచ్చి పుల్లన్న చేతిలో డబ్బా లాక్కొని విసిరేసింది.

"అడ్డం రావద్దు మే! గంగరత్న కడుపులో ఉండేదాన్ని అడగడానికి వచ్చినాడు. నేను మొదటి పువ్వు కోసినా. జడలో పెట్టింది అదే. రెండోది కాదు!"

"నాకు తెలుసు. వనమంతా ఒకటే పూసిందని నాకు తెలీదా?"

"తెలిసీ కుట్టినావా జడ?"

"కుడ్తి. బిడ్డ అడిగింది, కాదనలేకపోతి. తప్పు నీది కాదు, ఏ యేడూ నాగప్ప తీసుకున్యది లేదు. నేను తీసుకున్యా!" మారెక్క నేలమీద కూలబడింది. "పోతా పోతా మీ అవ్వ చెప్పిపోయింది నాకు. 'వాడు చిన్నప్పుడు జడుసుకొని మొగలి దిక్కు చూడకపోతే, ఈ వాటా మాట నేనే పుట్టిచ్చినా, పువ్వు నేనే తీసేస్తాంటి, ఇంక నువ్వు తీసెయ్యి, చెట్టు మీద పువ్వు కనబడితే వాడు బతకడు' అని. ఇన్నేండ్లూ నేనే తీసి బట్టల పెట్టె అడుగున పెట్టినా. నువ్వు కూడు తింటావని తీసినా. నువ్వు పండుకుంటావని తీసినా."

వెనకాల మంటలు చిటపటమంటాండాయి.

"మల్ల ఇన్ని దినాలు నేను చస్తాంటే చెప్పలేదెందుకు మే?"

"ఎట్ల చెప్పాల?" మారెక్క గుండెలు బాదుకున్నాది. "గంగరత్నకు మొదటి కడుపు పోయినప్పుడు అనుకున్యా, ముసల్ది చెప్పింది అబద్ధమేమో, వాటా నిజమేమో అని. రెండోది పోయినప్పుడు నమ్మేస్తి, అందుకే ఈ యేడు పువ్వు మీద చెయ్యి వెయ్యలేదు. బిడ్డ కడుపు నేనే తిన్యానని నమ్మేస్తి. దానికి ఏమని చెప్పాల? నీకేమని చెప్పాల?"

ఒకే ఇంట్లో, ఒకే పువ్వును చూసి, ఇద్దరూ చెరో మూలకు కూచొని చచ్చి బతికినారన్నమాట. దాదాబీ కొమ్మ కింద పడేసి, కొంగుతో కండ్లు తుడుచుకొని, "ఏడుపు తర్వాత. ఆ మొదట్లో ఉండేదన్నా మిగులుతుంది, రండి ఇద్దరూ," అన్నాది. ముగ్గురూ కలిసి పచ్చి కొమ్మలతో కొట్టినారు, తడి ఇసుక పోసినారు. కాలువ మొదట్లో, ఊట పుట్టే చోట ఉన్న ఒక్క పొద సగం మిగిలింది. తక్కిన వనమంతా నల్లటి మోడులయింది.

పుష్యమాసంలో గంగరత్నకు ఆడబిడ్డ పుట్టింది. గట్టి పిల్ల, పుట్టడమే ఏడ్చుకుంటా పుట్టింది. ఆశ్రిత అని పేరు పెట్టుకున్నారు. పుల్లన్న బిడ్డను చేతుల్లోకి తీసుకోవడానికి నెల పట్టింది. అవ్వ అబద్ధం చెప్పిందని వానికి తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా? అది అబద్ధంతో వచ్చింది గానీ, వచ్చినాక ఒంట్లో కలిసిపోయింది.

మిగిలిన సగం పొదను మాత్రం వాడు వదల్లేదు. తాను కాల్చినదానికి తానే చాకిరీ చేసినాడు. ఊట పూర్తిగా ఎండిపోతే ఊరి కొళాయినుంచి కావడితో నీళ్ళు మోసినాడు. కడవకు కింద సన్నటి బొక్క వేసి, దాంట్లో గుడ్డ పేలిక దూర్చి, చుక్క చుక్కా మొదట్లో పడేటట్టు పెట్టినాడు. పైన నీడ పోయింది గదా, నాలుగు గుంజలు నాటి టెంకాయ మట్టల పందిరి వేసినాడు. రాలిన ఆకులూ, శెనక్కాయ పొట్టూ తెచ్చి చెమ్మ ఆరకుండా కప్పినాడు. రెండువేల ఐదులో వానలు విరగబడినప్పుడు చెరువు నిండింది, ఊట మళ్ళా చెమ్మగిల్లింది. పక్కనుంచి పిలకలు లేసినాయి. ఒక్కోదాన్నీ తవ్వి, కాలిన మోడుల సందుల్లో నాటినాడు. ప్రతి పొద్దూ డబ్బా వాయిస్తానే ఉన్నాడు.

రెండువేల ఏడు శ్రావణంలో పాత పొద మళ్ళా పూసింది. మంటకు ఒక పక్కకు ఒరిగిపోయిన చెట్టు కాబట్టి పువ్వు నేలకు దగ్గరగా వంగి ఉండె. పుల్లన్న పసుపు దారం చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడినాడు. కడాకు కట్టినాడు. ఇంటికొచ్చి మారెక్క ముందర కూచున్నాడు.

"కట్టి వచ్చినా. నువ్వు తీసుకుంటావో, వదుల్తావో నీ ఇష్టం."

"నేను తీయను. నావల్ల కాదు. నువ్వే కోసుకో."

"నావల్ల కాదు మే."

ఇద్దరూ తీయలేదు. పువ్వు అట్లనే ఉండె. అప్పుడు గంగరత్న బిడ్డను తోలుకొని పుట్టింటికి వచ్చి ఉండె. మూడో పొద్దు ఉదయం పుల్లన్న పోయి చూస్తే పువ్వు లేదు. దారం కూడా లేదు. ఇంటికి పరిగెత్తినాడు.

"మే, నువ్వు తీసినావా?"

"లేదే. నువ్వు కాదా?"

అప్పుడే లోపలినుంచి గంగరత్న వచ్చి అడిగింది, "ఆశ్రిత యాడమ్మా? నీతో ఉండాది అనుకుంటి."

ఇంక చెప్పేదేముంది! పుల్లన్న డబ్బా ఎత్తుకోలేదు, గోనెపట్టలు కట్టుకోలేదు. పేరు పెట్టి అరుచుకుంటా ఉత్త కాళ్ళతో కట్ట దిగినాడు. నేరుగా పొదలోకి దూరినాడు. ముండ్లు మొహాన గీసుకున్నాయి. ఆకులు చేతులతో చీల్చినాడు. అవ్వ విసుక్కుంటా చెప్పిన మాట ఒక్కటే చెవుల్లో మోగుతాండాది, చిన్న ప్రాణం, చిన్న ప్రాణం అని.

"తాతా, ఈడ," అన్నాది వెనకాలనుంచి.

కాలువ గట్టు మీద కూచొని ఉండె ఆ పిల్ల. చేతుల నిండా, కాళ్ళ నిండా ముల్లు గీతలు. ఒళ్ళో పువ్వు. రేకులు ఒక్కోటీ పీకి జడలో గుచ్చుకుంటాంది. పసుపు దారం చేతికి చుట్టుకొని ఉంది. పుల్లన్న మీదపడి కాళ్ళు, చేతులు, వేళ్ళ సందులు అన్నీ తడిమి చూసినాడు. ముల్లు గీతలే. వేరే గాటు లేదు. మళ్ళా మొదటినుంచి చూసినాడు.

"ఎందుకు పోతివి తల్లీ లోపలికి? భయం కాలేదా?"

"పువ్వు కిందనే ఉండె గదా. లోపల పెద్ద తాడు ఉండె తాతా. నల్లగా ఉండె. నేను పోతానే జరిగి దావిచ్చింది."

పుల్లన్న పిల్లను ఎత్తి గుండెకు అదుముకున్నాడు. గట్టు మీదే కూచుండిపోయినాడు. నాయన కూచున్న చోటే అది. కట్ట మీద మారెక్క, గంగరత్న పరిగెత్తుకుంటా వస్తాండారు. పిల్ల దొరికిందని వాడు వాళ్ళకు చెయ్యెత్తి ఊపినాడు.

"తాతా, నీ మొహం నిండా నెత్తురు," అన్నాది ఆశ్రిత. ఒక మొగలి రేకుతో తుడిచింది.

పుల్లన్న ఇప్పటికీ పాముకు భయపడతాడు. డబ్బా వాయిస్తాడు, గోనెపట్టలు కడతాడు, దాదాబీ ఇప్పటికీ నవ్వుతుంది. మొదటి పువ్వుకు ఇప్పటికీ పసుపు దారం కడతాడు. కట్టి వచ్చి, గంగరత్న ఊర్లోని టెలిఫోన్ అంగడికి ఫోను చేస్తాడు. "ఆశ్రితకు చెప్పు మే, దాని పువ్వు పూసినాదని. తొందరగా తోలుకొని రా."